రేవులో దిగాక ఎవరి వెంట వెళ్లాలి?

టికెట్టు మీద రాసి ఉండేది రోమ్. ఓడ ఆగేది చివితవెక్కియాలో. రెంటికీ మధ్య 70 కిలోమీటర్లకు పైనే దారి. ఫ్లోరెన్స్ చూపిస్తామన్న ఓడలు లివోర్నోలో ఆగుతాయి, పారిస్ అన్నవి ల హావ్ర్‌లో ఆగుతాయి. పెద్ద ఓడలను 2021 ఆగస్టు నుంచి వెనిస్ నడిబొడ్డు కాలువలోకి రానివ్వడం లేదు. అందుకని వెనిస్ యాత్ర పేరుతో అమ్మిన ఓడల్లో కొన్ని రవెన్నాలోనో త్రియెస్తెలోనో ఆగుతున్నాయి. అక్కడి నుంచి వెనిస్‌కు సుమారు రెండు గంటల ప్రయాణం. పొద్దున దిగి, ఇంత దూరం పోయి, చూడాల్సింది చూసి, సాయంత్రం ఓడ కదిలేలోగా తిరిగి రావాలి. క్రూయిజ్‌కు డబ్బు కట్టిన ప్రతి ఇంట్లోనూ ఇక్కడే ఒక చర్చ మొదలవుతుంది. ఓడ కంపెనీ అమ్మే టూరు తీసుకోవాలా, ఆ ఊళ్లో గైడును మనమే మాట్లాడుకోవాలా?

ఈ చర్చ ఇప్పుడు తెలుగు ఇళ్లలోనూ బాగానే వినిపిస్తోంది. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు అలాస్కాకో కరీబియన్ దీవులకో ఓడెక్కుతున్నారు. హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి అక్కడ క్రూయిజ్ ఎక్కేవాళ్లున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పే మాటలు రెండు రకాలు. ఓడవాళ్ల టూరు దోపిడీ అని కొందరంటారు. బయటి గైడును నమ్ముకుంటే ఓడ తప్పిపోతుందని మరికొందరు భయపెడతారు. రెండింట్లోనూ నిజముంది. కానీ ఓడ కంపెనీ మనకు అసలు ఏం అమ్ముతోందో తేల్చుకోకుండా వాదించుకోవడం వల్లే ఈ చర్చ ఎటూ తెమలడం లేదు. నా దృష్టిలో అది అమ్మేది ఒక్కటే, సమయానికి హామీ. భద్రతకు అది పూచీ కాదు, మంచి గైడుకు అంతకన్నా కాదు. కానీ చాలామంది ఆ రెండూ కూడా కొనుక్కున్నామనుకునే డబ్బు కడుతున్నారు.

ముందు ఆ వ్యాపారం నడిచే తీరు చూద్దాం. రేవులో వరసగా నిలబడి ఉండే బస్సులు ఓడ కంపెనీవి కావు. గైడ్లు దాని ఉద్యోగులు కారు. ఆ ఊళ్లోని టూరిస్టు సంస్థలతో ఒప్పందం చేసుకుని, వాళ్ల టూరును తన పేరుతో, తన లాభం కలుపుకుని అమ్ముతుంది. ఓడెక్కేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకునే టికెట్టు షరతుల్లో, ఈ టూర్లు నడిపేది స్వతంత్ర కాంట్రాక్టర్లనీ, వాళ్ల తప్పులకు తమకు బాధ్యత లేదనీ రాసి ఉండడం మామూలు. ఓడ మీద అమ్మకాలు కంపెనీలకు చిన్న విషయం కాదు. కార్నివాల్, రాయల్ కరీబియన్ లాంటి పెద్ద సంస్థల ఆదాయంలో దాదాపు మూడో వంతు టికెట్టు ధర నుంచి కాకుండా బారు, క్యాసినో, ఇంటర్నెట్, తీర టూర్ల లాంటి అమ్మకాల నుంచి వస్తోంది. అందుకే ఓడెక్కిన రోజు నుంచీ టూర్ల డెస్కు, క్యాబిన్ టీవీ, తలుపు సందులోంచి వచ్చే కాగితం, అన్నీ ఒకే మాట చెబుతుంటాయి. బయట తిరగడం ప్రమాదమనే మాటను ఆ గొంతులో విన్నప్పుడు, చెప్పేవాళ్లకు అందులో లాభముందని గుర్తుంచుకోవాలి.

అయితే సమయానికి ఇచ్చే ఆ హామీ మాత్రం నిజమైనదే. ఓడ టూరులో వెళ్లిన బస్సు దారిలో ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే, తర్వాతి రేవుకు చేర్చే ఖర్చు కంపెనీయే పెట్టుకుంటుంది. బయటి గైడుతో వెళ్లినవాళ్లకు ఆ అండ ఉండదు. అదెంత తేడానో 2024 మార్చిలో ఆఫ్రికా పశ్చిమ తీరంలోని సావో తోమే దీవిలో లోకమంతా చూసింది. నార్వీజియన్ డాన్ ఓడ నుంచి దిగిన 8 మంది సొంతంగా మాట్లాడుకున్న టూరులో వెళ్లి ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా కనిపిస్తూనే ఉంది. స్థానిక తీర రక్షక దళం పడవలో ఓడ దగ్గరికి తీసుకెళ్లింది కూడా. కెప్టెన్ ఎక్కనివ్వలేదు. వాళ్ల పాస్‌పోర్టులు రేవులోని ఏజెంటుకు అప్పగించి ఓడ వెళ్లిపోయింది. ఆ బృందంలో వయసు మళ్లినవాళ్లున్నారు, గర్భిణి ఉంది. గాంబియాలో ఓడను అందుకుందామని దేశాలు మారి వెళ్తే, అక్కడ అలల తీరు బాగాలేక ఓడ రేవులోకే రాలేదు. చివరికి సెనెగల్‌లో ఎక్కారు.

వాళ్లు అమెరికా, ఆస్ట్రేలియా పౌరులు. అదే భారతీయ పాస్‌పోర్టుతో అయితే ఎలా ఉండేదో ఆలోచించాలి. వాళ్లు దాటిన సరిహద్దుల్లో చాలాచోట్ల మనకు ముందే వీసా కావాలి. మన కుటుంబాలు ఈ లెక్క వేసుకోవడం నేను తక్కువగా చూశాను. గ్రీస్ నుంచి తుర్కియే వెళ్లి మళ్లీ గ్రీస్‌కో ఇటలీకో వచ్చే యాత్రకు ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన షెంగెన్ వీసా చాలదు. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడలు, విదేశీ జెండా ఉన్న ఓడలు అమెరికా రేవుల మధ్యనే ప్రయాణికులను తిప్పకూడదన్న 1886 నాటి చట్టం వల్ల, కెనడాలోని విక్టోరియాలాంటి చోట ఆగుతాయి. అందుకే మన పెద్దవాళ్లకు అమెరికా వీసా ఉన్నా, కెనడా వీసా కూడా తీసుకోవాల్సి వస్తుంది. ఓడ తప్పితే తర్వాతి రేవుకు విమానంలో చేరగలమా, అందుకు కాగితాలున్నాయా అన్నది మనవాళ్లు గైడు ధర కంటే ముందు చూసుకోవాల్సిన సంగతి. కాగితాలు బలంగా లేని రేవులో కాస్త ఎక్కువ కట్టి ఓడ టూరు తీసుకోవడమే మేలని నేనంటాను.

ఇక భద్రత. ఓడ కంపెనీ పరిశీలించి ఎంచుకున్న సంస్థ కాబట్టి క్షేమం అనే మాట చాలా బలంగా నాటుకుపోయింది. జరిగినవి చూస్తే ఆ మాట నిలబడదు. 2019 డిసెంబరు 9న న్యూజీలాండ్‌లోని వకారీ అగ్నిపర్వత దీవి పేలినప్పుడు దీవి మీద 47 మంది ఉన్నారు. వారిలో 38 మంది ఓవేషన్ ఆఫ్ ద సీస్ ఓడ నుంచి టూరుకు వచ్చినవాళ్లు. మొత్తం 22 మంది చనిపోయారు. అంతకు ముందు నెలలోనే శాస్త్రవేత్తలు పర్వతం హెచ్చరిక స్థాయిని పెంచారు, అయినా టూర్లు ఆగలేదు. అంతకు రెండేళ్ల ముందు, 2017 డిసెంబరులో, మెక్సికోలోని మహావాల్ దగ్గర మాయా శిథిలాలు చూడబోతున్న ఓడ ప్రయాణికుల బస్సు బోల్తాపడి 12 మంది పోయారు. 2015 జూన్‌లో అలాస్కాలోని కెచికన్ దగ్గర ఓడ టూరుగా అమ్మిన నీటి విమానం కొండను ఢీకొని పైలట్‌తో సహా 9 మందీ మరణించారు. చెడు వాతావరణంలోనూ ఎగరడాన్ని లోలోపల సమర్థించే ఆ విమాన సంస్థ ధోరణిని దర్యాప్తు అధికారులు తప్పుపట్టారు.

అదే కెచికన్‌లో 2019 మే నెలలో జరిగింది ఈ చర్చకు మరీ దగ్గరి ఉదాహరణ. రాయల్ ప్రిన్సెస్ ఓడ ప్రయాణికులతో రెండు నీటి విమానాలు గాల్లో ఉన్నాయి. ఒకటి ఓడ కంపెనీ అమ్మిన టూరు, రెండోది ప్రయాణికులు విడిగా మాట్లాడుకున్నది. ఒకదాన్నొకటి చూసుకోలేక ఆ రెండూ ఢీకొన్నాయి. 6 మంది ప్రాణాలు పోయాయి. ఓడ ముద్ర ఉండటమో లేకపోవడమో అక్కడ ఎవరినీ కాపాడలేదు, ఎవరినీ ముంచలేదు.

కాబట్టి విమానం, హెలికాప్టర్, అగ్నిపర్వతం, కొండదారి బస్సు, సముద్రంలో డైవింగ్ లాంటివాటికి టూరు ఎవరి ద్వారా కొన్నామన్నది పెద్ద ప్రశ్న కాదు. ఈ రోజు వాతావరణం బాగోలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా, రద్దు చేసే అధికారం పైలట్‌కు ఉందా, సీటు బెల్టులున్నాయా, మన ప్రయాణ బీమా ఇలాంటి సాహసాలకు వర్తిస్తుందా అని అడగాలి. ఓడ డెస్కులోనూ ఇవే అడగాలి, బయటివాళ్లనూ ఇవే అడగాలి.

గైడు సంగతికొస్తే నా మొగ్గు దాచుకోను. ఒక ఊరిని అర్థం చేసుకోవాలంటే నలభై మంది గుంపులో, చెవికి యంత్రం పెట్టుకుని, ఎత్తి పట్టుకున్న అంకెల పలక వెనక నడిస్తే కుదరదు. తుర్కియేలోని ఎఫెసస్‌ను ఉదాహరణగా తీసుకోండి. కుషదాసీ రేవు నుంచి సుమారు 20 కిలోమీటర్లు. పాలరాతి పలకల వీధి పై ద్వారం నుంచి కింది ద్వారం దాకా వాలుగా దిగుతుంది. దారిలో రెండో శతాబ్దం నాటి సెల్సస్ గ్రంథాలయం ముఖద్వారం, చివర్లో పాతిక వేల మంది పట్టే నాటకశాల ఉంటాయి. వీటన్నిటి పక్కనే, కప్పు వేసి కాపాడుతున్న సంపన్నుల ఇళ్లున్నాయి. నేల మీద మొజాయిక్ బొమ్మలు, గోడల మీద రంగుల చిత్రాలు, ఇంటింటికీ నీటి ఏర్పాట్లు. రోమన్ కాలంలో మనిషి ఇంట్లో ఎలా బతికాడో కళ్లారా కనిపించే చోటు అది. దానికి వేరే టికెట్టు, మెట్లెక్కాలి, గంటకు దగ్గరగా పడుతుంది. అందుకని మామూలు బస్సు టూర్లు తరచూ దాన్ని వదిలేస్తాయి. ఆ సమయం తివాచీల దుకాణానికి పోతుంది. అక్కడ టీ ఇస్తారు, నేత చూపిస్తారు, తర్వాత తివాచీ ఒక్కొక్కటే పరుస్తూ ధర చెబుతారు. నేత చూడదగ్గదే. కానీ ఎఫెసస్ కోసం అంత దూరం వెళ్లినవాళ్లకు ఆ ఇళ్లు చూపించకుండా దుకాణంలో కూర్చోబెట్టడం అన్యాయం.

సొంత గైడును మాట్లాడుకుంటే ఈ క్రమం మన చేతిలో ఉంటుంది. గుంపుల బస్సులు వచ్చేలోగా వెళ్లొచ్చు. అమ్మకు మోకాళ్ల నొప్పులుంటే పై ద్వారం దగ్గర దిగి, కింది ద్వారం దగ్గరికి కారు రప్పించుకుని, మధ్యలో నీడలో కూర్చోవచ్చు. గుంపులో నడవలేని మనిషి బస్సులోనే ఉండిపోతుంది. ఇంగ్లీషు వేగంగా చెబుతుంటే అందుకోలేని నాన్నకు కొడుకో కోడలో పక్కనుండి తెలుగులో చెప్పే వీలు చిన్న కారులోనే దొరుకుతుంది. శాకాహారుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మాంసం తప్ప మరొకటి దొరకని బల్ల ముందు రొట్టె, సలాడ్‌తో సరిపెట్టుకున్న పెద్దవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. స్థానిక గైడుకు ముందురోజు ఒక్క మాట చెబితే ఆ ఇబ్బంది తీరిపోతుంది.

అయితే సొంత గైడు అంటే లైసెన్సు ఉన్న గైడు. తుర్కియే, గ్రీస్, ఇటలీ, ఈజిప్టులలో గైడు పని చేయడానికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి లేని డ్రైవరు శిథిలాల గేటు దాకా తీసుకెళ్లగలడే గానీ లోపల చరిత్ర చెప్పడానికి వీల్లేదు. ఈ తేడా తెలియక, రేవు గేటు బయట గుమిగూడిన టాక్సీలవాళ్లతో బేరమాడి ఎక్కేయడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. ఓడ టూరుకున్న హామీ అక్కడ ఉండదు, మంచి గైడుకున్న చదువూ ఉండదు.

ధర గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఓడ టూరు ధర తలకింత, సొంత బండి ధర బండికింత. తలకు వంద డాలర్ల టూరు అనుకుంటే ఇద్దరికి రెండు వందలు. ఆ డబ్బుకు మంచి గైడు, బండి దొరకడం చాలా రేవుల్లో కష్టం. ఆరుగురు ఉన్న కుటుంబానికి ఆరు వందలవుతుంది, అప్పుడు సొంత బండి దాదాపు ప్రతిచోటా గెలుస్తుంది. ఇద్దరే వెళ్తున్నవాళ్లు అదే ఓడలోని మరో రెండు కుటుంబాలతో కలిసి వ్యాను మాట్లాడుకోవడం మంచి పద్ధతి. ఒకే వస్తువు ఇద్దరు అమ్మే సందర్భాలూ ఉన్నాయి. అలాస్కాలోని స్కాగ్వేలో బంగారం వేట రోజుల్లో, 1898 నుంచి 1900 మధ్య వేసిన వైట్ పాస్ రైలు టికెట్టును ఓడ డెస్కులో కొనొచ్చు, రైలు కంపెనీ దగ్గరే నేరుగా కూడా కొనొచ్చు.

ఏ రేవుకు ఏది అన్నది దూరమే చాలావరకు తేలుస్తుంది. ఏథెన్స్ వెళ్లేందుకు దిగే పిరేయస్ నుంచి నగరం పది కిలోమీటర్లు, మెట్రో ఉంది. ఒలింపియాకు దిగే కటాకొలొన్ నుంచి ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్లు. అలాస్కాలోని జూనో నుంచి మెండెన్‌హాల్ హిమానీనదం ఇరవై కిలోమీటర్ల లోపే. ఇలాంటి చోట్ల సొంత గైడుతో వెళ్లడానికి జంకనక్కర్లేదు. ల హావ్ర్ నుంచి పారిస్ 200 కిలోమీటర్లు, జర్మనీలోని వార్నెముందె నుంచి బెర్లిన్ అంతకన్నా ఎక్కువ, అలెగ్జాండ్రియా నుంచి గిజా పిరమిడ్లు 200 పైన, థాయ్‌లాండ్‌లోని లేమ్ చబాంగ్ నుంచి బ్యాంకాక్ 120 పైన. దారిలో ఒక్క ప్రమాదమో ఒక్క సమ్మెనో చాలు, రోజంతా తలకిందులవుతుంది. అక్కడ ఓడ హామీకి కట్టే డబ్బు దండగ కాదు. రోమ్ మధ్యరకం. రైలు గంట పైచిలుకులో చేరుస్తుంది. కొన్ని ఓడ కంపెనీలు గైడు లేకుండా ఉత్త బస్సు ప్రయాణం కూడా అమ్ముతాయి. ఆ బస్సులో వెళ్లి, రోమ్‌లో సొంత గైడును కలుసుకుంటే రెండు లాభాలూ దక్కుతాయి. తెలిసినవాళ్లు ఎక్కువగా చేసేది ఇదే, నాకూ నచ్చిన దారి ఇదే. కాకపోతే కొలోసియం టికెట్లు పేరు మీద, సమయం ప్రకారం ముందే కొనాలి. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటుంది. ఏథెన్స్ అక్రోపొలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి గంటల వారీ టికెట్లు, రోజుకు 20,000 మంది పరిమితి పెట్టారు. టూరు ఎవరితో అయినా ఈ తేదీలు, గంటలు సరిచూసుకోవాల్సింది మనమే.

దూరం ఒక్కటే చూస్తే మోసపోయే రేవు గ్రీస్‌లోని సాంతొరిని. ఓడ రేవుకు ఆనుకోదు, నీటి మధ్య ఆగుతుంది, టెండర్ అనే చిన్న బోట్లలో ఒడ్డుకు చేరుస్తారు. ఓడ టూరు కొన్నవాళ్లను ముందుగా అథినియోస్ రేవులో దింపి బస్సెక్కిస్తారు. మిగతావాళ్లు ఫీరా పట్టణం కింద ఉన్న పాత రేవులో దిగాలి. అక్కడి నుంచి పైకి కేబుల్ కారు, లేదా 588 మెట్లు, లేదా గాడిదలు. నాలుగైదు ఓడలు ఒకేరోజు వచ్చిన నాడు కేబుల్ కారు వరస గంటలు పడుతుంది. సాయంత్రం కిందికి దిగేటప్పుడు అందరిదీ అదే వరస. ఇక్కడ సొంత గైడు పైన ఎదురుచూస్తూ ఉంటాడు, మనం కింద ఎండలో నిలబడి ఉంటాం. టెండర్ బోటు రేవుల్లో సాధారణంగా టూరు కొన్నవాళ్లకు ముందు వరస కాబట్టి, యాత్ర కాగితంలో టెండర్ అనే మాట కనబడితే లెక్క మళ్లీ వేసుకోవాలి.

గడియారం ఇంకో చిక్కు. మెక్సికోలోని కొజుమెల్ ఉన్న రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే సమయం పాటిస్తోంది. ఫ్లోరిడాలో వేసవిలో గడియారం గంట ముందుకు జరుగుతుంది. ఫ్లోరిడా నుంచి బయల్దేరిన ఓడ తన సమయమే పాటిస్తే, రేవులో గడియారం నాలుగు చూపిస్తున్నప్పుడు ఓడలో అయిదు. గైడుకు ఓడ సమయంలోనే చెప్పాలి. ఓడ కదలడానికి సుమారు అరగంట ముందే ఎక్కడం ఆపేస్తారు కాబట్టి, దానికి రెండు గంటల ముందు రేవుకు చేర్చాలని రాసి పంపాలి. ఓడ ఆ రేవుకే రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అని కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి. ఓడ టూరు డబ్బు దానంతట అదే వెనక్కి వస్తుంది, బయటిది మాట్లాడుకున్నదాన్ని బట్టే. ఓడలు రాకపోవడం అరుదు కాదు. 2022 జూన్‌లో మన విశాఖకు వచ్చిన ఎంప్రెస్ నౌకనే పుదుచ్చేరిలో ప్రయాణికులను దింపనివ్వలేదు.

ప్రభుత్వం నియమం సరిగా పెడితే యాత్రికుడికి మంచి ఎలా జరుగుతుందో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చూపించింది. 2009 నుంచి ఓడలో వచ్చినవాళ్లు 72 గంటల దాకా వీసా లేకుండా దిగొచ్చన్నారు, కాకపోతే అనుమతి ఉన్న టూరు సంస్థతోనే తిరగాలి. ఆ అనుమతి ఓడ కంపెనీలకే పరిమితం కాలేదు, స్థానిక సంస్థలకూ ఇచ్చారు. దాంతో హెర్మిటాజ్ మ్యూజియాన్ని చిన్న బృందాలతో చూపించే సంస్థలు పుట్టుకొచ్చాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఓడలు ఆ రేవును వదిలేశాయి గానీ, పోటీ ఉన్న రేవులో యాత్రికుడికి ఎంత మేలో అక్కడ తిరిగినవాళ్లకు తెలుసు.

ఇదంతా పరాయి రేవుల కథే కాదు. విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో మొదలైంది. 2024 ఏప్రిల్‌లో ద వరల్డ్ అనే నివాస నౌక విదేశీయులతో వచ్చి వెళ్లింది. ఆ గేటు దాటి వచ్చేవాళ్లకు మనం ఎవరిని చూపిస్తున్నాం? బొర్రా గుహలు, అరకు ఘాట్ రోడ్డు మీద చాలా దూరం, ఆరేడు గంటల మజిలీలో ఓడ హామీ లేకుండా వెళ్లమని ఎవరికీ చెప్పలేం. కానీ తొట్లకొండ బౌద్ధ ఆరామం, సింహాచలం, 1971 యుద్ధంలో పనిచేసి 2002లో బీచ్ రోడ్డున ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి, ఇవన్నీ ఊళ్లోనో ఊరంచునో ఉన్నాయి. తొట్లకొండలో ఇటుకల పునాదులు చూసి ఎందుకొచ్చామా అనుకుని వెళ్లిపోయే మనిషికి, ఆ కొండ మీది భిక్షువులకు కింది సముద్రంతో ఏం సంబంధముందో చెప్పగలిగిన గైడు కావాలి. పర్యాటక శాఖ, పోర్టు అధికారులు అలాంటివాళ్లకు శిక్షణ, లైసెన్సు ఇచ్చి, వాళ్ల పేర్లు, భాషలు, బండి ధరలు టెర్మినల్ గోడ మీదే ప్రకటించాలి. తదుపరి విదేశీ ఓడ వచ్చేలోగా ఆ పని జరగాలి.